ఎలైట్ అంటే లెవెల్ 11 కాదు

ప్రశ్న: మేడమ్, మేం టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. మా పాప 2015లో ఇక్కడే పుట్టింది. ఐదేళ్లప్పుడు ఇంట్లో సోఫాల మీద నుంచి దూకుతుంటే భరించలేక జిమ్నాస్టిక్స్‌లో వేశాం. ఇప్పుడు పది లెవెల్స్‌లో లెవెల్ 8. మొన్న స్టేట్ మీట్‌లో నాలుగు పరికరాలూ కలిపి 40కి 36.9 వచ్చింది, తన ఏజ్ గ్రూప్‌లో నాలుగో స్థానం. ఆ తర్వాత కోచ్ మమ్మల్ని కూర్చోబెట్టి, పాపను ఎలైట్ వైపు, అంటే దేశ జట్టుకు ఆడే స్థాయి వైపు తీసుకెళ్దామన్నారు. వారానికి 18 గంటలున్న ప్రాక్టీస్ 28 గంటలవుతుందట. స్కూలు మాన్పించి ఆన్‌లైన్‌లో చదివించాలట. నెలాఖరులోగా చెప్పకపోతే ఆలస్యమైపోతుందట. మా ఆయన ససేమిరా అంటున్నారు. గుంటూరు నుంచి మా అత్తగారు పిల్ల ఎత్తు పెరగదని, ఎముకలు విరుగుతాయని ఫోన్‌లో రోజూ ఒకటే గొడవ. అంతగా ఆడాలంటే ఇండియా తరఫున ఆడమనండి అని కూడా అంటారు. పాపేమో '2028 ఒలింపిక్స్' అని రాసి గోడకు అంటించుకుంది. లెవెల్ 10 దాటితే ఎలైటేనా? అసలు ఎలా క్వాలిఫై అవుతారు? 36.9 ఎలైట్‌కు దగ్గరేనా, దూరమా? ఎటూ తేల్చుకోలేక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఒక అమ్మ, ఫ్రిస్కో

జవాబు:

అమ్మా, ముందు ఆ గోడ మీది కాగితం సంగతి తేల్చేద్దాం. 2028 కుదరదు. ఎంత బాగా చేసినా కుదరదు. అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య, అంటే ఎఫ్ఐజీ, 1997 నుంచి ఒక నియమం పెట్టింది. అమ్మాయిలు ఒలింపిక్స్‌లోనో సీనియర్ ప్రపంచ పోటీల్లోనో దిగాలంటే ఆ క్యాలెండర్ సంవత్సరంలో 16 నిండాలి. 2028లో మీ పాపకు 13. తను సీనియర్ అయ్యేది 2031లో. ఆ తర్వాత వచ్చేది 2032 బ్రిస్బేన్ ఒలింపిక్స్, అప్పటికి 17 ఏళ్లు. పాపకు ఈ లెక్క మీరే కూర్చోబెట్టి చెప్పండి, ఏడిస్తే ఏడవనివ్వండి. ఈ లెక్కలో మీకు పనికొచ్చే మాట కూడా ఉంది. నెలాఖరులోగా తేల్చకపోతే కొంపలు మునిగేంత తొందర ఇందులో ఎక్కడా లేదు.

ఇక 36.9 దగ్గరకు వద్దాం. ఈ చుట్టుపక్కల మీట్లలో నేను చాలాకాలం జడ్జీల బల్ల వెనక కూర్చున్నాను. తల్లిదండ్రులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. లెవెల్ 8లో 36.9 చాలా మంచి స్కోరు. వాల్ట్ (బల్ల మీదుగా దూకడం), బార్స్ (రెండు కడ్డీలు), బీమ్ (సన్నటి దూలం), ఫ్లోర్ (నేల మీద విన్యాసాలు) అన్నిట్లో సగటున 9.2 పైన వచ్చినట్టు. ఎలైట్‌లో క్వాలిఫై కావాలంటే ఈమధ్య సంవత్సరాల్లో నాలుగూ కలిపి 50 చుట్టుపక్కల కావాల్సి వస్తోంది. జూనియర్లకు కాస్త తక్కువ, సీనియర్లకు కాస్త ఎక్కువ. అంకె ప్రతి ఏడాదీ మారుతుంటుంది, సీజన్ మొదట్లో ఇక్కడి జిమ్నాస్టిక్స్ సమాఖ్య, యూఎస్ఏ జిమ్నాస్టిక్స్, ప్రకటిస్తుంది. దీన్ని చూసి చాలామంది '36 నుంచి 50కి పెరగాలి, ఇంకో 14 మార్కులు' అనుకుంటారు. అలా తీసేయడానికి వీల్లేదు. ఇవి రెండూ వేర్వేరు త్రాసులు.

మీ పాప ఇప్పుడు ఆడేది పాత పది మార్కుల పద్ధతి. కావాల్సినవన్నీ రొటీన్‌లో, అంటే ఒక పరికరం మీద వరసగా చేసే విన్యాసాల్లో, ఉంటే 10 నుంచి మొదలవుతుంది, తప్పులకు కోత పడుతుంది. ఎలైట్‌లో 2006 నుంచి ఎఫ్ఐజీ పద్ధతి నడుస్తోంది. దాంట్లో స్కోరు రెండు ముక్కలు. ఒకటి రొటీన్ ఎంత కష్టమైనదో చెప్పేది, 'డి' (D) స్కోరు అంటారు. రెండోది ఎంత శుభ్రంగా చేసిందో చెప్పేది, 'ఈ' (E) స్కోరు అంటారు. ఇది 10 నుంచి కిందికి దిగుతుంది. రెండూ కలిపితే వచ్చేదే అసలు స్కోరు. 50 రావాలంటే ఒక్కో పరికరం మీద సగటున 12.5 కావాలి. అంటే 'డి' 4.8 ఉండి, 'ఈ' 7.7 రావాలి అనుకోండి.

డి 4.8 ఎక్కడి నుంచి వస్తుంది? బీమ్‌నే తీసుకుందాం. ప్రతి స్కిల్‌కూ ఒక అక్షరం ఉంటుంది. ఎ అంటే 0.1, బి అంటే 0.2, సి అంటే 0.3, అలా పైకి. రొటీన్‌లోని స్కిల్స్‌లో విలువైన ఎనిమిదింటిని లెక్కేస్తారు. తప్పనిసరిగా ఉండాల్సిన అంశాలకు 2 మార్కుల దాకా ఉంటాయి. రెండు స్కిల్స్‌ను ఆగకుండా కలిపి చేస్తే కొసరు వస్తుంది. ఎనిమిదీ సి స్థాయివైనా 2.4, దానికి ఆ 2 కలిపితే 4.4, కొసరు కలిస్తే ఇంకాస్త పైకి. మీ పాప రొటీన్‌లో ఇప్పుడున్నవి ప్రధానంగా ఎ, బి స్కిల్సే. లెవెల్ 8లో అంతకన్నా ఎక్కువ అడగరు కూడా. కాబట్టి తను ఇప్పుడున్న రొటీన్‌నే ఇంకా చక్కగా చేస్తే ఎలైట్ అయిపోదు. రొటీన్ మొత్తం మారాలి.

ఇంకో మాట. ఇప్పుడు తను బీమ్ మీద నుంచి పడితే అర మార్కు పోతుంది. ఎలైట్‌లో ఒక మార్కు పోతుంది. బార్స్ మీద హ్యాండ్‌స్టాండ్ నిటారుగా రాకపోతే ఇక్కడా కోత ఉంది, అక్కడా ఉంది. కానీ అక్కడ మరీ వంగిపోతే ఆ స్కిల్‌కు విలువే తగ్గిస్తారు. అటు 'ఈ' స్కోరులోనూ ఇటు 'డి' స్కోరులోనూ దెబ్బ. నేను మీట్లలో చూసినంతవరకూ, లెవెల్ 8లో పతకాలు గెలిచే పిల్లల్లో ఎవరు పైకి వెళ్తారో పతకాలు చెప్పవు. బార్స్ మీద కాస్ట్ చేసి (కాళ్లను వెనక్కి విసిరి పైకి లేచి) హ్యాండ్‌స్టాండ్‌కు వచ్చేటప్పుడు భుజాలు తెరుచుకుంటున్నాయా, మోకాళ్లు అతుక్కుని ఉన్నాయా, పాదం కొస వరకూ సాగిందా అన్నవి చెబుతాయి. మీ దగ్గర వీడియోలుంటాయి కదా, స్టేట్ మీట్ బార్స్ రొటీన్ ఒకసారి ఆపి ఆపి చూడండి. మీకే తెలుస్తుంది.

లెవెల్ 10 దాటితే ఎలైటేనా అని అడిగారు. కాదు, అయితే మీరు అలా అనుకోవడంలో తప్పేం లేదు, అంకెలు వరసగా ఉంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. యూఎస్ఏ జిమ్నాస్టిక్స్ వారి డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్‌లో 1 నుంచి 5 దాకా కంపల్సరీ లెవెల్స్. దేశమంతా ఒకే రొటీన్, ఒకే సంగీతం. 6 నుంచి 10 దాకా ఆప్షనల్. అక్కడ ఎవరి రొటీన్ వాళ్లది. ఇది కాక ఎక్సెల్ అని పక్కన ఇంకో దారి ఉంది, తక్కువ గంటలతో సరదాగా ఆడుకునేవాళ్లకు. ఇవన్నీ ఒక మేడ అనుకుంటే ఎలైట్ దాని పై అంతస్తు కాదు, పక్క వీధిలో ఇంకో ఇల్లు. లెవెల్ 10కి వెళ్లిన అమ్మాయిల్లో అత్యధికులు ఆ ఇంటి గడప తొక్కరు, తొక్కాలని కూడా అనుకోరు. కొందరు లెవెల్ 10లో ఎక్కువ కాలం ఆడకుండానే చిన్నప్పుడే అటు వెళ్లిపోతారు.

ఆ చిన్నప్పటి దారి ఇలా ఉంటుంది. టాప్స్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది, ఏడెనిమిదేళ్ల నుంచి పదేళ్ల దాకా పిల్లలకు. అందులో ముఖ్యంగా పరీక్షించేది ఒంటి బలాన్నీ వంపునూ. కాళ్ల సాయం లేకుండా తాడెక్కడం, బార్‌కు వేలాడి కాళ్లు పైకెత్తడం, కూర్చున్నచోటు నుంచి చేతుల బలంతో హ్యాండ్‌స్టాండ్‌లోకి లేవడం, అందులో కదలకుండా నిలబడటం, ఇలాంటివి. బాగా చేసినవాళ్లను జాతీయ శిబిరాలకు పిలుస్తారు. మీ పాప ఆ వయసు అంచుకు వచ్చేసింది. ఇప్పటిదాకా వెళ్లకపోతే దాని గురించి బెంగ పెట్టుకోవద్దు. మీ కోచ్ మాట్లాడేది బహుశా దాని తర్వాతి మెట్టు గురించి, హోప్స్ గురించి. అది ఎలైట్‌కు ముందు మెట్టు. పదేళ్లు నిండిన పిల్లలు ఎఫ్ఐజీ నియమాలకు దగ్గరగా ఉండే, కొంచెం తేలిక చేసిన నియమాలతో ఆడతారు. స్కోరు గడప కూడా తక్కువ. కోచ్‌ను సూటిగా అడగండి, 'మీరంటున్నది హోప్సా, జూనియర్ ఎలైటా?' అని. ఆ రెంటికీ గంటలు వేరు, ఖర్చు వేరు.

అసలు ఎలైట్‌లో మళ్లీ రెండు భాగాలు: జూనియర్, సీనియర్. క్వాలిఫై అవ్వాలంటే ఎలైట్ క్వాలిఫయర్ అని పేరు పెట్టిన మీట్లలోనే స్కోరు తెచ్చుకోవాలి. మామూలు లెవెల్ మీట్‌లో ఎంత వచ్చినా లెక్కలోకి రాదు. ఇవి ఏడాది మొదటి సగంలో దేశంలో అక్కడక్కడా జరుగుతాయి. మొదటిసారి వచ్చే చిన్నపిల్లలకు తమ రొటీన్‌తోపాటు ఎలైట్ కంపల్సరీ రొటీన్లలో కూడా స్కోరు తెచ్చుకోవాలన్న షరతు చాలా ఏళ్లు ఉంటూ వచ్చింది. వాటిలో చూసేది గొప్ప స్కిల్స్‌ను కాదు, పునాదిని. ఆ గీత దాటితే వేసవిలో యూఎస్ క్లాసిక్ అనే పోటీ. అక్కడో, ఇంకో అర్హత మీట్‌లోనో ఇంకా పెద్ద గీత దాటితే యూఎస్ ఛాంపియన్‌షిప్స్, రెండు రోజుల పోటీ. అక్కడి ఫలితాలు చూసి నేషనల్ టీమ్‌ను ఎంపిక చేస్తారు. అంతటితో అయిపోదు. నేషనల్ టీమ్‌లో లేనివాళ్లు మరుసటి ఏడాది మళ్లీ మొదటి నుంచీ అర్హత తెచ్చుకోవాల్సిందే. దేశంలో లెవెల్ 10 ఆడేవాళ్లు వేలల్లో ఉంటే, ఆ ఛాంపియన్‌షిప్స్ దాకా వచ్చే అమ్మాయిలు, జూనియర్లూ సీనియర్లూ కలిపి, కొన్ని పదుల మంది.

మీ ఊళ్లోనే ఉండి ఇది చూడకపోతే ఎలా? వోగా అనే జిమ్నాస్టిక్స్ క్లబ్ వాళ్ల జిమ్‌లు ప్లానోలో, ఫ్రిస్కోలో ఉన్నాయి కదా. 2004లో ఒలింపిక్ ఆల్ అరౌండ్ (నాలుగు పరికరాలూ కలిపి) స్వర్ణం గెలిచిన కార్లీ ప్యాటర్సన్, 2008లో గెలిచిన నాస్త్యా ల్యూకిన్ ఇద్దరూ అక్కడ తయారైనవాళ్లే. ఏటా సీజన్ మొదట్లో జరిగే వోగా క్లాసిక్‌లో ఎలైట్ సెషన్ ఉంటుంది. టికెట్ కొని వెళ్లండి, మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి. పాప ఎలైట్ అమ్మాయిల రొటీన్లు చూస్తుంది. మీరు మాత్రం వార్మప్ చూడండి. ఏ కోచ్ తన పిల్లలతో ఎలా మాట్లాడుతున్నాడు, పడిన పిల్ల లేచాక ఎవరి ముఖం చూస్తోంది, ఎవరి కాళ్లకు ఎంత టేపు ఉంది. వెబ్‌సైట్లు చదివితే దొరకని సంగతులు ఆ గంటలో దొరుకుతాయి.

ఇప్పుడు స్కూలు. పదేళ్ల పిల్లను, లెవెల్ 8లో ఉన్న పిల్లను, ఎలైట్ కోసం స్కూలు మాన్పించడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఈ విషయంలో నేను మీ ఆయన పక్షం. ఒలింపిక్ ఛాంపియన్ సిమోన్ బైల్స్ సంగతి చెబుతాను. ఆ అమ్మాయి మీ టెక్సాస్ పిల్లే, హ్యూస్టన్ దగ్గర పెరిగింది. ఆరేళ్లప్పుడు డేకేర్ వాళ్లు జిమ్ చూపించడానికి తీసుకెళితే మొదలైంది. ఎలైట్‌లో తొలిసారి ఆడింది 2011లో, 14 ఏళ్లకు. అప్పటిదాకా వారానికి దాదాపు ఇరవై గంటల ప్రాక్టీస్. మామూలు స్కూలు వదిలి ఇంటి దగ్గర చదువుకు మారింది 2012లో, 15 ఏళ్ల వయసులో. అప్పుడు గంటలు 32కు పెరిగాయి. మరుసటి ఏడాదే ప్రపంచ ఛాంపియన్. అందరూ సిమోన్ కారు, నిజమే. తనలాంటి ప్రతిభ ఉంటే ఎలా పెంచినా పైకొచ్చేదేమో. కానీ 'పదేళ్లకే స్కూలు మానకపోతే ఆలస్యం' అనే మాట నిలబడదని చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

28 గంటలంటే ఏమిటో కూడా ఒకసారి లెక్కేసుకోండి. వారంలో ఆరు రోజులు, రోజుకు నాలుగున్నర గంటలు పైమాటే. స్కూలు అయ్యాక వెళితే రాత్రి ఎనిమిదిన్నరకు జిమ్ బయట కారులో మీరు. ఇంట్లో ఇంకో పిల్లాడుంటే వాడి హోంవర్కు ఎవరు చూస్తారు? ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, నేను చూసిన ఇళ్లలో గొడవలు ఎక్కువగా మొదలైంది పతకాల దగ్గర కాదు, డ్రైవింగ్ దగ్గర. పైగా ఎలైట్ పెద్ద మీట్లు వేసవిలో. మన వాళ్లందరూ ఇండియా టికెట్లు బుక్ చేసుకునేది అప్పుడే. ఎలైట్‌లోకి వెళితే వేసవిలో గుంటూరు ప్రయాణం మర్చిపోవాల్సిందే. మీ అత్తగారికి ఆ మాట ముందే చెప్పి ఉంచండి, ఎముకల కన్నా దానికే ఎక్కువ బాధపడతారు.

ఖర్చు గురించి మీరు అడగలేదు, నేను క్లుప్తంగా చెబుతాను. నెల ఫీజు, లియోటార్డులు, గ్రిప్స్, మీట్ ఫీజులు మీకు తెలిసినవే. ఎలైట్‌లో కొత్తగా వచ్చేది ప్రయాణం. విమానాలు, హోటళ్లు. మీ జిమ్ నుంచి ఒక్క పిల్లే క్వాలిఫయర్‌కు వెళ్తుంటే, కోచ్ టికెట్టు, రూమూ కూడా మీ లెక్కలోనే పడొచ్చు. ముందే రాతపూర్వకంగా అడగండి. అడగడానికి మొహమాటపడకండి, ఈ దేశంలో అదేం తప్పు కాదు.

ఈ సందర్భంలో ఒక పేరు చెప్పాలి. మోహినీ భరద్వాజ్. తండ్రి భారతీయుడు, తల్లి రష్యన్. యూసీఎల్ఏ యూనివర్సిటీలో కాలేజీ జిమ్నాస్టిక్స్ ఆడి, ఆ తర్వాత మళ్లీ ఎలైట్‌కు వచ్చి, 2004 ఏథెన్స్‌లో అమెరికా జట్టుతో రజతం గెలిచింది. అప్పుడు వయసు 25. ఎలైట్ తలుపు పదకొండేళ్లకు మూసుకుపోతుందని ఎవరైనా అంటే ఈ పేరు గుర్తు చేయండి. కాలేజీ అన్నాను కాబట్టి ఇంకొకటి. స్కాలర్‌షిప్‌తో కాలేజీ జట్టులోకి వెళ్లే అమ్మాయిల్లో ఎక్కువమంది లెవెల్ 10 నుంచే వెళ్తారు. కాలేజీలో వాడేది కూడా పది మార్కుల పద్ధతే. కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడటానికి పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచే అనుమతి. మీ ఆయన మనసులో ఉన్న భయం 'ఇంత చేసి చివరికి ఏమొస్తుంది' అన్నదైతే, ఆయనకు చెప్పాల్సింది ఇది. లెవెల్ 10 దాకా వెళ్లి ఆగిపోవడం ఓడిపోవడం కాదు. ఎలైట్‌లో ఒకటి రెండేళ్లు ఆడి, ఒళ్లు తట్టుకోక లెవెల్ 10కి తిరిగి వచ్చి, హాయిగా కాలేజీకి వెళ్లిన పిల్లలు బోలెడు మంది ఉన్నారు.

మీ అత్తగారి మాటలకు వద్దాం. జిమ్నాస్టిక్స్ వల్ల ఎత్తు ఆగిపోతుందన్నది నిజం కాదు. సిమోన్ ఎత్తు 4 అడుగుల 8 అంగుళాలు, కానీ జిమ్నాస్టిక్స్ ఆమెను పొట్టిదాన్ని చేయలేదు. పొట్టివాళ్లకు గాల్లో తిరగడం సులువు, అందుకని పై స్థాయిలో వాళ్లే మిగులుతారు. బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగవుతారని ఎవరూ అనరు కదా! ఎముకల మాటలో మాత్రం కొంత నిజం ఉంది. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఎముక చివర్లలో పెరిగే భాగం మెత్తగా ఉంటుంది. ఈ ఆటలో మణికట్ల మీద ఒంటి బరువంతా పడుతుంది. కాబట్టి మణికట్టు నొప్పి రెండు వారాలు దాటితే, మడమ నొప్పితో కుంటుతుంటే, ముఖ్యంగా నడుమును వెనక్కి వంచినప్పుడు ఒకవైపు నొప్పి ఉంటే, ఐస్ పెట్టి సరిపెట్టకండి. పిల్లల స్పోర్ట్స్ డాక్టర్‌కు చూపించండి. నడుము నొప్పిని 'కండరం పట్టేసింది'లే అని వదిలేస్తే వెన్నెముకలో సన్నటి పగులు బయటపడిన సందర్భాలు ఈ ఆటలో కొత్త కాదు.

తిండి. ఇది మన ఇళ్లలో అసలు సమస్య. స్కూల్లో లంచ్ సగం తిని, కారులో చిప్స్ తిని, నాలుగున్నర గంటలు ప్రాక్టీస్ చేసి, తొమ్మిదికి అన్నం వద్దని పడుకునే పిల్లలను చూస్తూనే ఉంటాం. జిమ్‌కు వెళ్లే దారిలో తినేది గట్టిగా ఉండాలి. పెరుగన్నం డబ్బా, ఉడికించిన గుడ్డు, పల్లీ పట్టీ, ఏదైనా సరే. మీరు శాకాహారులైతే ఐరన్, విటమిన్ డి ఏడాదికోసారి పరీక్ష చేయించండి. ఎవరైనా కోచ్ మీ పాప బరువు గురించి పాప ముందు మాట్లాడితే ఆ రోజే ఆపించండి. 15 ఏళ్లు వచ్చినా నెలసరి మొదలు కాకపోయినా, మొదలై మూడు నెలలు ఆగిపోయినా 'ఆటలో మామూలే' అనే మాట వినకండి. ఒంటికి సరిపడా తిండి అందడం లేదని శరీరం చెప్పే మాట అది.

ఇక మీరు రాయని సంగతి, కానీ నేను వదలలేనిది. 2018 జనవరిలో ఈ దేశంలో జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టర్ లారీ నాసర్‌కు 40 నుంచి 175 ఏళ్ల శిక్ష పడింది. ఏళ్ల తరబడి ఎలైట్ పిల్లలు కూడా అతని లైంగిక వేధింపులకు గురయ్యారు. మీ టెక్సాస్‌లోనే, హంట్స్‌విల్ దగ్గర నేషనల్ టీమ్ శిబిరాలు జరిగిన కరోలీ రాంచ్‌లోకి తల్లిదండ్రులను రానిచ్చేవారు కాదు. ఆ నెలలోనే యూఎస్ఏ జిమ్నాస్టిక్స్ దాన్ని వదిలేసింది. ఇప్పుడు ఆటల్లో వేధింపుల ఫిర్యాదులు చూసే సేఫ్‌స్పోర్ట్ సెంటర్ ఉంది, నియమాలు ఉన్నాయి. పెద్దవాళ్లు పిల్లతో ఒంటరిగా, ఎవరికీ కనిపించని చోట ఉండకూడదు. మెసేజ్ పెడితే తల్లిదండ్రులకు కూడా కాపీ రావాలి. నిషేధం పడిన కోచ్‌ల జాబితాను ఎవరైనా చూడొచ్చు, మీ జిమ్‌లోని ప్రతి పేరూ అందులో ఒకసారి వెతకండి. ప్రాక్టీస్ చూడటానికి వీల్లేదు, ఆన్‌లైన్‌లో కూడా చూడొద్దు అనే జిమ్ అయితే, అక్కడ ఒలింపిక్ పతకాలు గోడలనిండా ఉన్నా నేను నా పిల్లను పంపను. స్కూలు మాన్పించడం నాకు నచ్చకపోవడానికి ఇదీ ఒక కారణం. స్కూలు ఉంటే పిల్లకు కోచ్ కాక ఇంకో నలుగురు పెద్దవాళ్లు, ఇంకో ఇరవై మంది స్నేహితులు ఉంటారు. ఏదైనా తేడా వస్తే ఎవరో ఒకరు గమనిస్తారు.

ఇండియా తరఫున ఆడటం కుదరదు, మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. మీ పాప అమెరికా పౌరురాలు. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా భారత జట్టుకు ఆడనివ్వరు, భారత పాస్‌పోర్టే కావాలి. ఆవిడకు కాస్త ఊరట కావాలంటే మన హైదరాబాద్ అమ్మాయి బుడ్డా అరుణారెడ్డి సంగతి చెప్పండి. చిన్నప్పుడు కరాటే నేర్చుకుని, తర్వాత ఎల్బీ స్టేడియంలో జిమ్నాస్టిక్స్ సాధన చేసి, 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్ వరల్డ్ కప్‌లో భారత్‌కు అదే తొలి వ్యక్తిగత పతకం. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. దీపా కర్మాకర్ 2016 రియో ఒలింపిక్స్‌లో వాల్ట్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 0.15 మార్కుల్లో కాంస్యం పోగొట్టుకున్నప్పుడు 23. పదేళ్లకే తొందరపడిపోవాలనే వాదన అక్కడా కనిపించదు.

కోచ్‌కు ఏం చెప్పాలి? మీరిద్దరూ కలిసి వెళ్లండి, పాప లేకుండా. ఈ జిమ్ నుంచి ఇంతకుముందు ఎంతమంది హోప్స్‌కో ఎలైట్‌కో క్వాలిఫై అయ్యారు, ఇప్పుడు వాళ్లు ఏం చేస్తున్నారు అని అడగండి. ఇప్పటివరకూ ఒక్కరూ లేకపోతే అది నేరమేం కాదు, ప్రతి కోచ్‌కూ మొదటి పిల్ల ఉంటుంది. కానీ ఆ మొదటి పిల్ల మీ అమ్మాయే అని తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు. గెలవలేక మధ్యలో మానేసిన పిల్లల గురించి కూడా అడగండి. ఆ ప్రశ్నకు ఆయన జవాబు చెప్పే తీరును జాగ్రత్తగా గమనించండి.

తర్వాత మీ మాట చెప్పండి. స్కూలు మాన్పించం. గంటలు 20, 22 దాకా పెంచుతాం, వారానికి ఒక రోజు పూర్తి సెలవు ఉండాలి. వచ్చే సీజన్ లెవెల్ 9 ఆడనివ్వండి, పక్కన హోప్స్‌కు కావాల్సిన స్కిల్స్ నేర్పించండి. జిమ్‌లో ఫోమ్ గుంటలో, మెత్తటి పరుపుల మీద పడుతూ లేస్తూ ఎన్నైనా నేర్చుకోవచ్చు, అవి మీట్‌లో చేసి తీరాలని లేదు. సీజన్ అయ్యాక మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం. మంచి కోచ్ అయితే దీనికి ఒప్పుకోవడానికి అభ్యంతరం ఉండదు. ఒప్పుకోకపోతే ఎందుకో వివరంగా చెప్పమనండి. 'మీకు సీరియస్‌నెస్ లేదు' అన్నదే ఆయన కారణమైతే, లెవెల్ 9 నేర్పే జిమ్‌లు మీ ఊళ్లో ఇంకా ఉన్నాయి.

పాపనూ అడగండి, కానీ 'ఎలైట్ అవుతావా?' అని అడగొద్దు. ఏ పదేళ్ల పిల్లైనా అవుతాననే అంటుంది. శనివారం పుట్టినరోజు పార్టీకీ, ప్రాక్టీస్‌కూ మధ్య ఏది కావాలో తననే ఎంచుకోనిచ్చి, రెండు మూడుసార్లు ఊరికే చూడండి. కోచ్‌కు చెప్పాల్సిన గంటల లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టండి.